లెక్కబెట్టి?

(కొత్తగా పీహెచ్‌డీలో చేరిన స్కాలర్ల శిక్షణ తరగతుల్లో ఒక విశ్రాంత కీటకశాస్త్ర ఆచార్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడకపోతే చెయ్యెత్తండి. భోజనాలయ్యాక నాకు టైమిచ్చారు. నిద్రొస్తే మొహమాటపడకండి. ముప్పై ఏళ్ళు మధ్యాహ్నం క్లాసులు చెప్పినదాన్ని, పడుకున్నవాళ్ళని చూస్తే నాకు కోపం రాదు, జాలేస్తుంది.

నాకిచ్చిన టాపిక్ పేరు బ్యానర్ మీద రెండు లైన్లు పట్టింది. యువ పరిశోధకుల వృత్తిపరమైన అభివృద్ధి, భావవ్యక్తీకరణ నైపుణ్యాలు. ఇంత పెద్దదాన్ని నేను ఒక్క మాటకి కుదించుకుని వచ్చాను. ఆ మాట కూడా నాది కాదు. గుంటూరు దగ్గర ఒక మిరప రైతుది.

2021 సంగతి మీలో వ్యవసాయ కుటుంబాల వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు ఇటు గుంటూరు, అటు ఖమ్మం మిరప తోటల మీద కొత్త తామర పురుగు పడింది. రైతులు నల్ల తామర అన్నారు. మన పుస్తకాల్లో త్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో అది 2015లోనే బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద కనిపించింది. మిరప మీద ఇంత ఉధృతంగా రావడం మాత్రం అప్పుడే. మనకి అలవాటైన తామర పురుగు ఆకుని పట్టుకుంటుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది, రైతు దూరం నుంచే చూసి పై ముడత అంటాడు. ఇది అలా కాదు, పువ్వులో దూరుతుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. మందు మీద మందు కొట్టి విసిగిపోయి కొంతమంది తోటలు పీకేశారు.

అప్పుడు మా స్కాలర్ ఒకమ్మాయి, నాకు చివరి స్కాలర్, ఆ తోటల్లో పని చేస్తుండేది. తెల్ల అట్ట మీద పువ్వుని తట్టడం, రాలిన పురుగుల్ని భూతద్దంలో లెక్కపెట్టడం, పుస్తకంలో రాసుకోవడం. ఒకరోజు నేనూ వెళ్ళాను. ఆ పక్క చేను రైతు, అరవై దాటిన మనిషి, గట్టు మీద నిలబడి కాసేపు చూశాడు.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"పాపులేషన్ డైనమిక్స్ స్టడీ చేస్తున్నానండీ."

"అంటే?"

"అంటే... పువ్వుకి ఎన్ని పురుగులున్నాయో వారం వారం లెక్కబెడుతున్నాను బాబాయ్ గారూ."

ఆయన తలూపాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "లెక్కబెట్టి?" అన్నాడు.

అంతే. వెక్కిరింపు ఏమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అమ్మాయి నా వైపు చూసింది. నేను మిరప చెట్టు వైపు చూశాను.

మా దగ్గర జవాబు లేక కాదు. సినాప్సిస్‌లో నాలుగు పేజీలుంది. అయితే అది కమిటీ కోసం రాసిన జవాబు. గట్టు మీద నిలబడ్డ మనిషికి చెప్పే రూపంలో మా ఇద్దరి నోటా లేదు. ఆ రాత్రి ఆ అమ్మాయి దాని గురించే ఆలోచించిందట. మళ్ళీ వారం వెళ్ళి ఆయన్ని వెతుక్కుని మరీ చెప్పింది: "ఏ వారంలో ఇవి పెరుగుతాయో ముందే తెలిస్తే, మీరు ఎప్పుడు మందు కొట్టాలో, ఎప్పుడు అక్కర్లేదో చెప్పొచ్చండీ. ఊరికే కొట్టే మందు తగ్గుతుంది." ఆయన "ఈ మాట మొన్ననే చెప్పొచ్చుగా!" అన్నాడు.

కథ అక్కడితో అయిపోతే నేను మీకు చెప్పేదాన్ని కాదు. ఆ మాట చెప్పి బస్సెక్కాక ఆ అమ్మాయికి ఒక అనుమానం వచ్చింది. ఉష్ణోగ్రత రాస్తోంది, తేమ రాస్తోంది, వాన రాస్తోంది. ఆ చేలో రైతు ఏ రోజు ఏ మందు కొట్టాడో మాత్రం రాయడం లేదు! పురుగులు తగ్గితే అది వాతావరణం వల్లా, మందు వల్లా? ఆ కాలమ్ ఆమె రికార్డు పుస్తకంలో ఆ వారం నుంచే మొదలైంది. కమిటీలో ఐదుగురు ప్రొఫెసర్లం కూర్చున్నాం, ఒక్కరం అడగలేదు. గైడుగా ఉన్న నేనూ అడగలేదు. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు, రిటైరయ్యాను కదా.

అందుకే కమ్యూనికేషన్ స్కిల్స్ అంటే టై కట్టుకుని ఇంగ్లీషు దంచడం అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. పరిశోధన అంతా అయిపోయాక, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు, దానికి మాటలు తొడుగుదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. చెప్పబోయి ఎక్కడ తడబడ్డామో అక్కడే మన పనిలో కంత ఉంటుంది. మొదటి ఏడాదిలో కనిపిస్తే పూడ్చుకోవచ్చు. వైవా రోజు కనిపిస్తే ఏం చేస్తాం?

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1980ల చివర్లో నా మొదటి జాతీయ సదస్సు. అప్పుడు ఓహెచ్‌పీ అని ఉండేది, పారదర్శక షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసుకుని, లైటు మీద పెడితే గోడ మీద పడేది. నాకిచ్చింది పది నిమిషాలు. నేను తీసుకెళ్ళినవి ఇరవై నాలుగు షీట్లు. ఏడో షీటు దగ్గర గంట కొట్టారు. అప్పటికి నేను ఇంకా పూర్వ పరిశోధనల సమీక్షలోనే ఉన్నాను! మిగతా పదిహేడూ గబగబా వేస్తూ తీస్తూ పోయాను, రెండు కింద పడ్డాయి, ఒకటి తిరగబడింది. నేను కనిపెట్టినది ఏమిటో ఆ హాల్లో ఎవరికీ తెలియకుండానే దిగిపోయాను. అధ్యక్షత వహించిన పెద్దాయన "చాలా శ్రమ చేశారమ్మా" అన్నారు. ఎవరైనా మీ టాక్ అయ్యాక శ్రమ గురించి మాట్లాడితే, మిగతాది అర్థం కాలేదని గ్రహించండి.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో ఒక పోటీ మొదలుపెట్టారు. మూడు నిమిషాల థీసిస్. అది పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. అప్పుడు ఆ రాష్ట్రంలో కరువు. స్నానానికి నీళ్ళు తక్కువ వాడమని చెబితే, జనం బాత్‌రూము గోడకి కోడిగుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడే మూడు నిమిషాల టైమర్ తగిలించుకునేవారట. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ ఎలన్ లాసన్‌కి దాన్ని చూసి, స్కాలర్లకి కూడా ఇలా ఒక టైమర్ పెడితే ఎలా ఉంటుంది అనిపించింది. 80,000 పదాల సిద్ధాంత గ్రంథం చదివి వినిపిస్తే 9 గంటలు పడుతుందని వాళ్ళ లెక్క. దాన్ని మూడు నిమిషాల్లో చెప్పాలి. ఒక్కటే స్లయిడు, అది కదలకూడదు. చేతిలో వస్తువులేమీ పట్టుకోకూడదు. మూడు నిమిషాలు దాటితే పోటీలోంచి తీసేస్తారు. ఇప్పుడు ప్రపంచమంతా, మన దేశంలో కూడా, ఈ పోటీలు జరుగుతున్నాయి.

కరువులో పుట్టిన పద్ధతి కాబట్టి మనకి పరాయిదేమీ కాదు. నీళ్ళు తక్కువున్నప్పుడు ఏ చేనుకి పెట్టాలో మన రైతుకి తెలుసు. మాటలకీ అదే లెక్క.

మా స్కాలర్ అమ్మాయి చేత కూడా ఇది చేయించాను. మొదటిసారి ఎలా మొదలుపెట్టిందో వినండి. "ఈ అధ్యయనం యొక్క ముఖ్య ఉద్దేశం మిరప పర్యావరణ వ్యవస్థలో త్రిప్స్ పార్విస్పైనస్ యొక్క జనాభా గతిశీలతకూ అజీవ కారకాలకూ మధ్య గల సహసంబంధాన్ని..." చూడండి, రెండో వరసలో ఒకాయన ఆవలించేశారు. తప్పులేదు నాయనా, నాకూ అలాగే వచ్చింది.

ఐదారుసార్లు తిరగరాశాక ఇలా తేలింది: "మిరప పువ్వు మీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. అందులో పాతిక పురుగులు దాక్కున్నా రైతుకి బయటికి ఒక్కటీ కనపడదు. పూత రాలాకే తెలుస్తుంది. అప్పుడు మందు కొట్టినా రాలిన పూత తిరిగి రాదు. నేను ఆ పువ్వుని, అది రాలకముందే విప్పి చూస్తున్నాను."

ఇందులో అబద్ధం ఏమైనా ఉందా? పల్చబడిందా? శాస్త్రం ఎక్కడికీ పోలేదు. 'యొక్క'లు మాత్రం పోయాయి.

దీనికి నేను చెప్పే అభ్యాసం ఒక్కటే. ఫోన్లో రికార్డు చేసుకోండి. ఎదురుగా ఏ కాగితమూ పెట్టుకోకుండా మూడు నిమిషాలు మాట్లాడండి. మర్నాడు వినండి. మన గొంతు మనకి నచ్చదు, అది అందరికీ ఉండేదే. గొంతు వదిలేసి, 'బేసికల్లీ', 'యాక్చువల్లీ', 'ఒక రకంగా చెప్పాలంటే' అన్న మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో గుర్తుపెట్టుకోండి. నేను ఇన్నేళ్ళుగా చూసినదేమిటంటే, మనకి సరిగ్గా తెలియని చోటే అవి వస్తాయి. ఆ చోటుకి వెళ్ళి చదువుకోండి.

రాయడం దగ్గరికి వస్తాను. మిరప మీద పేపర్లు వందలు చదివాను. దాదాపు అన్నీ ఒకేలా మొదలవుతాయి: మిరప భారతదేశంలో ముఖ్యమైన సుగంధ ద్రవ్య పంట. ఆ తర్వాత ఎన్ని లక్షల హెక్టార్లు, ఎంత ఎగుమతి. ఆ పత్రిక ఎడిటర్‌కి మిరప ముఖ్యమైన పంట అని తెలియదా? తెలియకపోతే ఆయన ఆ కుర్చీలో ఎందుకున్నట్టు? ఇది పురోహితుడు సంకల్పం చెప్పినట్టు అలవాటైపోయింది. పెళ్ళి ఎవరిదైనా సంకల్పం ఒకటే. మీ మొదటి వాక్యంలో మీ పేపర్లో తప్ప ఇంకెక్కడా ఉండనిది ఒకటి ఉండాలి. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్‌ఏ నిర్మాణం గురించి నేచర్ పత్రికలో రాసింది పేజీకి కాస్త ఎక్కువ, అంతే. మొదటి వాక్యంలోనే మేము ఒక నిర్మాణాన్ని సూచిస్తున్నాం అని విషయం చెప్పేశారు. జీవశాస్త్రంలో డీఎన్‌ఏ ఎంత ముఖ్యమైనదో అంటూ పేజీ నింపలేదు.

రాసే క్రమం గురించి చాలామంది అడుగుతారు. ముందు బొమ్మలు, పట్టికలు బల్ల మీద వరసగా పేర్చుకోండి. వాటి మధ్య కథ కుదిరాక పద్ధతులు, ఫలితాలు రాయండి. ఉపోద్ఘాతం చివర్లో రాయండి, సారాంశం అన్నిటికంటే చివర. చాట్‌జీపీటీ సంగతి మీరు అడక్కముందే చెప్తాను. ఇంగ్లీషు సరిచూసుకోవడానికి వాడుకోండి, వాడామని ఆ పత్రిక ఎక్కడ రాయమంటే అక్కడ రాయండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడిగి పెట్టకండి. లేని పేపర్లని ఉన్నట్టు, పేజీ నంబర్లతో సహా ఇస్తుంది. మన ఊళ్ళో అడ్రసు తెలియకపోయినా "అలా ముందుకెళ్ళి ఎడమకి తిరగండి" అనే మనిషి ఉంటాడే, అలాగ. చదవని పేపర్ని ఉటంకించకూడదన్న పాత నియమం ఒక్కటి పాటిస్తే ఈ గొడవే ఉండదు.

ఇప్పుడు అసలు ఏడుపు దగ్గరికి వద్దాం. రివ్యూయర్లు, అంటే మన పేపర్ అచ్చుకి తగినదో కాదో చూసి చెప్పమని పత్రిక అడిగే నిపుణులు.

పేపర్ పంపిన మూడు నెలలకో ఐదు నెలలకో మెయిల్ వస్తుంది. ఇద్దరు రివ్యూయర్లు, ఇరవై ప్రశ్నలు. మొదటిసారి చదివినప్పుడు అవమానం అనిపిస్తుంది. ఆ రోజు జవాబు రాయకండి. రెండు రోజులు ఆగండి. మా దగ్గర ఒక అబ్బాయి ఆగలేదు. రివ్యూయర్ అడిగిన ప్రశ్న చిన్నది: పురుగుల్ని ఉదయం ఎనిమిది గంటలకే ఎందుకు లెక్కించారు? మావాడి మొదటి డ్రాఫ్టు జవాబు ఇది: "గౌరవనీయ రివ్యూయర్ పద్ధతుల విభాగాన్ని సరిగ్గా చదివినట్టు లేదు. ఇది ప్రామాణిక పద్ధతి."

పిలిచి కూర్చోబెట్టి అడిగాను. "నిజం చెప్పు నాయనా, ఎనిమిదికే ఎందుకు?" కాసేపు గింజుకుని చెప్పాడు. "బస్సు ఆ టైముకే దిగుతుంది మేడం." మేమిద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత వాడు మళ్ళీ పొలం వెళ్ళి, కొన్ని రోజులు మధ్యాహ్నం, సాయంత్రం కూడా లెక్కపెట్టి ఒక చిన్న పట్టిక చేశాడు. జవాబు ఇలా మారింది: "ఈ ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞతలు. లెక్కింపు వేళ ప్రభావాన్ని మేము మొదట పరిశీలించలేదు. ఇప్పుడు రోజుకి మూడు వేళల్లో తీసిన లెక్కల్ని కొత్త పట్టికగా చేర్చాం. 7వ పేజీ, 12 నుంచి 18 లైన్లు చూడగలరు."

దీన్ని గమనించండి. రివ్యూయర్ ప్రశ్నని ఉన్నదున్నట్టు పైన పెట్టాలి. కింద జవాబు. ఏం మార్చారో, ఏ పేజీలో ఏ లైన్లో మార్చారో చెప్పాలి. ఆయన వెతుక్కోకూడదు, ఆయన కూడా మనలాగే రాత్రి పది తర్వాత జీతం లేకుండా చేస్తున్న పని ఇది. ప్రతిదానికీ తలూపక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆధారంతో రాయండి, విశేషణాలు లేకుండా. ఇంకొక సంగతి: రివ్యూయర్‌కి అర్థం కాలేదంటే నూటికి తొంభైసార్లు మన వాక్యమే మెలిక పడి ఉంటుంది. ఆయన తెలివితక్కువవాడు అని రుజువు చేసి మనకి ఒరిగేదేమీ లేదు.

గైడు విషయం. ఇక్కడ మీ గైడ్లు కూడా కొంతమంది కూర్చున్నారు, అయినా చెప్తాను.

మనది సార్, మేడం అంటూ చేతులు కట్టుకుని నిలబడే సంస్కృతి. గౌరవం మంచిదే. దాని వెనక మౌనం దాక్కోవడమే చెడ్డది. గైడు ఏదో చెప్తారు, స్కాలర్ "ఓకే సార్" అంటాడు, గదిలోంచి బయటికి వచ్చి "సార్ ఏమన్నారురా?" అని స్నేహితుణ్ణి అడుగుతాడు. మూడు నెలల తర్వాత గైడు "నేను చెప్పింది ఇది కాదు" అంటారు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు. దీనికి ఖర్చులేని మందు ఉంది. మీటింగ్ అయిన రోజు సాయంత్రం మూడు లైన్ల మెయిల్ పెట్టండి. ఈరోజు మనం అనుకున్నవి ఇవి. ఫలానా తేదీలోపు నేను చేసేవి ఇవి. మీ దగ్గర్నుంచి నాకు కావలసినవి ఇవి. చివర్లో, నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే దయచేసి చెప్పండి సార్. ఇందులో అమర్యాద ఏముంది? గైడుకి కూడా మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది. ఎనిమిది మంది స్కాలర్లున్న మనిషికి మీ మూడో ప్రయోగం ఏమైందో గుర్తుండదమ్మా. ఎలక్ట్రిసిటీ బిల్లు కట్టమన్నా, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురమ్మన్నా ఏం చెయ్యాలి అని ఎవరో చీటీ పంపారు. మా కాలంలో చేశాం. మీరు చెయ్యకండి. ఈ మాట నేను చెప్పానని మాత్రం చెప్పుకోండి, నన్ను ఇప్పుడు ఎవరేం చేస్తారు?

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌కి ఒకసారి మీరు పరిశోధన సలహా కమిటీ ముందు మీ పని చెప్పాలి. చాలామంది దాన్ని పరీక్షలా చూసి టెన్షన్ పడతారు. మీ పని వినడానికి తీరిక చేసుకుని, జీతం తీసుకుని మరీ వచ్చే శ్రోతలు మీకు జీవితంలో మళ్ళీ దొరకరు. మీకు ఎక్కడ సందేహం ఉందో ఆ స్లయిడే ముందు పెట్టండి.

పేర్ల గురించి ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెప్తాను. ఇది తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా పట్టిన తిప్పలు. మనకి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనక. పత్రికల వాళ్ళ లెక్కలో చివర ఉన్నదే ఇంటిపేరు. నా మొదటి పేపర్ పుట్టింటి ఇంటిపేరుతో వచ్చింది. రెండోది పెళ్ళయ్యాక, అత్తవారి ఇంటిపేరుతో. మూడోదాంట్లో పత్రిక వాళ్ళు నా పేరునే ఇంటిపేరు చేసి, ఇంటిపేరుని పొడి అక్షరం చేశారు. ముగ్గురు మనుషులయ్యాను. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఈ ముగ్గురూ నేనే అని అఫిడవిట్ ఇచ్చుకున్నాను.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని రంగు సాయంతో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయింది. ఇవాళ్టికీ ఫిస్కే-సుబ్బారో పద్ధతి అంటారు. రిఫరెన్సుల్లో చూడండి, 'సుబ్బారో వై.' అని ఉంటుంది. యల్లాప్రగడ అన్న ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమైపోయింది. ఆయనంత గొప్ప పని చేస్తే పేరు ఎలా రాసినా ప్రపంచం వెతుక్కుంటుంది. మనం కాస్త జాగ్రత్తపడాలి. ఇవాళే ఏదో ఒక రూపం నిర్ణయించుకుని జీవితాంతం అదే వాడండి. 2012లో వచ్చిన ఆర్కిడ్ (ORCID) అని, పరిశోధకులకిచ్చే ఉచిత గుర్తింపు సంఖ్య ఉంది, 16 అంకెలు. పది నిమిషాల పని. అమ్మాయిలూ, ముఖ్యంగా మీరు. పెళ్ళితో ఇంటిపేరు మారినా ఆ నంబరు మారదు.

పేపర్ మీద ఎవరి పేరు ఉండాలి, ఏ వరసలో ఉండాలి అన్నది పని మొదలుపెట్టే ముందే మాట్లాడుకోండి. డబ్బు విషయంలాగే, ముందు అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అడిగితే గొడవవుతుంది. నేను రెండేళ్ళు సేకరించిన సమాచారంతో ఒక పేపర్ వచ్చింది, అందులో నా పేరు కృతజ్ఞతల్లో ఉంది. అది కూడా తప్పు స్పెల్లింగుతో. ఎవరు, ఎక్కడ అన్నది అనవసరం. నేను ముందు అడగలేదు, అదే నా తప్పు. ఇప్పుడు చాలా పత్రికలు ఎవరు ఏ పని చేశారో 14 రకాల పాత్రల కింద రాయమంటున్నాయి: ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, లెక్కలు ఎవరివి, మొదటి డ్రాఫ్టు ఎవరిది అని. ఆ పట్టిక తీసి బల్ల మీద పెడితే చాలు. "సార్, పత్రికవాళ్ళు అడుగుతున్నారు, ఎలా నింపమంటారు?" అని అడగొచ్చు. మీరు అడిగినట్టు ఉండదు.

దొంగ పత్రికల గురించి ఎక్కువ చెప్పను, మీ ఇన్‌బాక్స్ చూస్తే మీకే తెలుస్తుంది. "గౌరవనీయ ప్రముఖ శాస్త్రవేత్తా" అని మొదటి ఏడాది స్కాలర్‌ని పిలిచే మెయిల్ ఏదీ మంచిది కాదు. రెండు రోజుల్లో అంగీకారం, ఆ వెంటనే డబ్బు కట్టమని లింకు. పీహెచ్‌డీకి ముందు పేపర్ అచ్చవ్వాలన్న తప్పనిసరి నియమాన్ని యూజీసీ 2022లో తీసేసింది. మంచి పత్రికల జాబితాగా మనం చూసుకున్న కేర్ లిస్టుని 2025లో ఆపేసింది. అంటే ఇప్పుడు మంచీ చెడూ చూసుకోవాల్సింది మీరూ మీ విభాగమే. మీ గైడు, మీ సీనియర్లు నిజంగా చదివే పత్రికలు ఏవో అడగండి. ఆ నాలుగైదే మీ జాబితా.

కాపీ గురించి యూజీసీ 2018 నిబంధనలు మీకు కోర్సులో చెప్పే ఉంటారు. వేరేవాళ్ళ రాతతో పోలిక సాఫ్ట్‌వేర్ లెక్కలో 10 శాతం దాటితే ఏమిటి, 40 దాటితే ఏమిటి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అని. ఆ సాఫ్ట్‌వేర్ అంకె కోసం మాటలు అటూ ఇటూ మార్చే తెలివితేటలు మాత్రం నేర్చుకోకండి. ఆ శ్రమతో సొంతంగా ఒక పేరా రాయొచ్చు.

ప్రశ్నలకి భయపడేవాళ్ళు చాలామంది ఉంటారు. టాక్ బాగానే చెప్తారు, ప్రశ్న రాగానే నీరుగారిపోతారు. ప్రశ్న పూర్తిగా వినండి, సగంలో జవాబు మొదలుపెట్టకండి. అర్థం కాకపోతే "మీరు అడిగేది ఇదేనా సార్?" అని తిరిగి చెప్పండి. తెలియకపోతే "తెలియదు" అనండి. దాని వెనక ఒక్క వాక్యం చేర్చండి: "తెలుసుకోవాలంటే నేను ఫలానా ప్రయోగం చేస్తాను." అలా అన్నవాళ్ళని నేను ఏ వైవాలోనూ తక్కువగా చూడలేదు. చుట్టూ తిప్పి తిప్పి చెప్పినవాళ్ళని మాత్రం ఇంకో మూడు ప్రశ్నలు అడిగాను. కొంచెం కక్షతోనే, ఒప్పుకుంటాను.

తెలుగులో చెప్పండి అని నేనంటే "సైన్సుకి తెలుగులో మాటలెక్కడ మేడం" అంటారు. తామర పురుగు, తెల్లనల్లి, పై ముడత, కింది ముడత, ఆర్థిక నష్ట పరిమితి. వీటిలో కొన్ని రైతులిచ్చారు, కొన్ని మన వ్యవసాయ శాఖ వాళ్ళు కట్టారు. పై ముడత అనే రెండు మాటల్లో లక్షణమూ ఉంది, రోగనిర్ధారణా ఉంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర, కిందికి ముడుచుకుంటే నల్లి. ఇంగ్లీషులో దీనికి ఒక వాక్యం కావాలి. మాట లేని చోట ఇంగ్లీషు మాటే వాడండి, డీఎన్‌ఏని తెలుగు చెయ్యమని నేను అడగను. మా అమ్మాయి ఆ తర్వాత ఒక దినపత్రిక వ్యవసాయం పేజీకి నల్ల తామర మీద చిన్న వ్యాసం రాసింది. నీలి రంగు జిగురు అట్టలు ఎందుకు పెట్టాలో, పువ్వు తట్టి ఎలా చూడాలో. ఆమె ఇంగ్లీషు పేపర్ ఎంతమంది చదివారో తెలియదు, దీనికి మాత్రం నలభై ఫోన్లొచ్చాయి. అందులో ముప్పై ఐదు "ఏ మందు కొట్టమంటావ్ తల్లీ?" అనే.

మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కూడా 2018లో అవ్సర్ అని ఒక పథకం పెట్టింది. పీహెచ్‌డీ స్కాలర్లు తమ పరిశోధనని మామూలు జనానికి అర్థమయ్యే కథనంగా రాస్తే బహుమతులు. అలాంటివి వచ్చినప్పుడు వదలకండి.

మీలో అందరూ ప్రొఫెసర్లు కారు. అన్ని ఉద్యోగాలు లేవు, ఈ మాట మొదటి రోజే చెప్పడం మర్యాద. దేశంలో 700కు పైగా కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, విత్తన కంపెనీలున్నాయి, పత్రికలున్నాయి, ప్రభుత్వ ప్రయోగశాలలున్నాయి. అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి మీ థీసిస్ పేరు అక్కర్లేదు. వాళ్ళూ ఆ గట్టు మీద రైతు అడిగినదే అడుగుతారు, ఇంకొంచెం మర్యాదగా.

నా టైము అయిపోయింది. నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ఓహెచ్‌పీ రోజుల నుంచీ ఈ సైగ నాకు బాగా తెలుసు. టీ వచ్చేలోపు ఇంకో పని ఉంది. పక్కవాళ్ళ వైపు తిరగండి. మీ విభాగం కానివాళ్ళయితే మరీ మంచిది. ఫోన్లో మూడు నిమిషాలు పెట్టుకోండి. ఒకరు చెప్పాలి, రెండోవాళ్ళు ఎక్కడైనా ఒకే ఒక్కసారి "లెక్కబెట్టి?" అని అడగాలి. ఇందాక ఆవలించిన నాయనా, నువ్వు ఇలా ముందుకి రా, నాకు చెప్పు. దేని మీద చేస్తున్నావ్?